మీ కొండకు మీరే కాపు



కడప జిల్లా లంకమల కొండల అంచున ఒక చిట్టడవి ఉంది. పగటి పూట చూస్తే రాళ్లు, ఎండుగడ్డి, కలివి పొదలు, రేగు ముళ్లు. మేకలు తోలుకొచ్చేవాళ్లు, కట్టెలకు వచ్చేవాళ్లు తప్ప అటు తొంగిచూసేవారు ఉండరు. పొద్దు గూకిన ముప్పావు గంటకు, పూర్తిగా చీకటి పడకముందు, ఆ పొదల మధ్య నుంచి రెండు స్వరాల చిన్న కూత ఒకటి వినబడేది. కాసేపు వినబడి ఆగిపోయేది. ఎక్కువలో ఎక్కువ ఇరవై నిమిషాలు. అది కలివి కోడి కూత. జానెడుకు కాస్త మించిన పిట్ట. పెద్ద కళ్లు, కంటిపైన తెల్లటి పట్టీ, రొమ్ము మీద రెండు గోధుమరంగు చారలు, పొడవాటి సన్న కాళ్లు. రాత్రిళ్లు నేల మీద పరుగులు తీస్తూ చెదలు, చీమలు ఏరుకుని తింటుంది.

ప్రపంచంలో ఏ జంతు ప్రదర్శనశాలలోనూ ఈ పక్షి లేదు. గత వందేళ్లలో దీని ఉనికి రుజువైనది మన తెలుగు నేల మీదే. ఇది పోతే ఇంకో దేశం నుంచి జత తెచ్చి వదలడానికి లేదు. ఈ మాట మీ మనసులో నాటుకోవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

1848లో థామస్ జెర్డన్ అనే వైద్యుడు ఈ పిట్టను తొలిసారి లోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం వైపు ఒకసారి కనిపించింది. ఆ తరవాత జాడ లేదు. పుస్తకాలు దీన్ని అంతరించిపోయిన పక్షుల జాబితాలోకి ఎక్కించాయి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పెంచిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి 1980లలో భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప పల్లెలకు వచ్చాడు. పక్షి బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి, అడవిలో తిరిగేవాళ్లను అడిగాడు. పెద్ద చదువులు చదివినవాళ్లు చనిపోయిందనుకున్న ఆ పక్షిని అయితన్న అనే స్థానిక వేటగాడు గుర్తుపట్టాడు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర లైటు వెలుగులో దాన్ని పట్టి చూపించాడు కూడా. శాస్త్రం ఎనభై ఆరేళ్లు వెతుక్కున్న సంగతి ఆ ఊరి మనిషికి ముందే తెలుసు. అడగవలసినవాళ్లు అడగకపోవడం వల్ల ఆ ఎనభై ఆరేళ్లు గడిచాయి.

రెండేళ్లకు, 1988లో, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అయినా పిట్ట కళ్లబడటం కష్టమే. 2000 తరవాత జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఒక పద్ధతి కనిపెట్టారు. పొదల మధ్య అక్కడక్కడా నేలను పట్టీల్లా చదును చేసి మెత్తటి మట్టి పరిచేవారు. మర్నాడు పొద్దున్నే వంగి కూర్చుని ఆ మట్టిలో పడిన అడుగులు చూసేవారు. కుందేలు, కౌజు, తీతువు, అన్నీ నడిచిపోయేవి. వాటిలోంచి మూడు వేళ్ల కలివి కోడి అడుగును వేరుచేసి పట్టుకోవాలి. కూతను రికార్డు చేశారు, కెమెరాలు కట్టారు. పక్షి ఎలాంటి నేలను కోరుకుంటుందో అలా తెలిసింది. పొదలు మరీ ఒత్తుగా ఉండకూడదు, మరీ పలచబడకూడదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి నేల కావాలి. మితంగా మేసే మేక ఆ నేలను తెరిచి ఉంచుతుంది. మితిమీరి కొట్టే గొడ్డలి, మొత్తంగా దున్నేసే యంత్రం ఆ నేలను తుడిచిపెడతాయి. కాబట్టి కాపరిని దొంగలా చూడకండి.

తెలుగుగంగ కాలువ ఆ చిట్టడవి మీదుగా పోవలసి వచ్చినప్పుడు పెద్ద పోరాటమే జరిగింది, చివరికి కాలువ దారి మార్చారు. నీళ్లు కావాలి, పిట్టా కావాలి. దారి మార్చడం వల్ల రెండూ కుదిరాయి. కానీ ఆ తరవాత ఏళ్ల తరబడి కలివి కోడి జాడ తెలియలేదు. ఈమధ్య దాని కూత మళ్లీ వినబడిందన్న వార్త వచ్చినప్పుడు సంతోషంతో పాటు గుబులు కూడా కలిగింది. ఆ గుబులు ఎందుకో ముందు ముందు చెబుతాను.

కలివి కోడి ఒక్కటే అనుకోకండి. తూర్పు కనుమల్లో ఇక్కడ తప్ప మరెక్కడా సహజంగా పెరగని ప్రాణులు బోలెడు. ఎర్రచందనం సంగతి మీకు తెలుసు, స్మగ్లింగు వార్తల పుణ్యమా అని దాని విలువ కిలోల లెక్కన తెలిసింది. శేషాచలం రాళ్ల మీద ఎండవేడికి తట్టుకుని నిలబడే కొండ గుగ్గిలం ఎంతమందికి తెలుసు? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో ముసలి చెట్ల తొర్రల్లో ఒక సాలీడు ఉంటుంది. ఒళ్లంతా నీలం, నీలమణి రంగు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. బహుశా దుంగల్లో చిక్కుకుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుంది. మళ్లీ దాన్ని అడవిలో చూడటానికి 2001 దాకా పట్టింది. దాని రంగు చూసి మోజుపడి యూరప్‌లోనూ అమెరికాలోనూ గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. అది పుట్టిన నంద్యాల జిల్లాలో మాత్రం ఒక తరగతి గదిలో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయి?

ఇది మన ఒక్కరి కథ కాదు. భూమ్మీద ప్రతి కొండకూ, ప్రతి దీవికీ ఇలాంటి సొంత సంతానం ఉంది. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఒకప్పుడు మన వాళ్లు మారిషస్ చెరుకు తోటలకు వెళ్లారు. వాళ్ల వారసులు ఈనాటికీ అక్కడ తెలుగువాళ్లమని చెప్పుకుంటారు. వాళ్లు ఆ దీవిలో దిగేనాటికే డోడో లేదు. 1598లో డచ్చి ఓడలు అక్కడ ఆగాయి. ఎగరలేని, మనిషికి భయపడటం ఎరగని ఆ పక్షి వందేళ్లు తిరక్కుండానే మాయమైంది. వేటకంటే ఎక్కువ చేటు చేసినవి ఓడల్లో దిగిన ఎలుకలు, పందులు, కోతులు. ఆస్ట్రేలియాకు తూర్పున లార్డ్ హవ్ అనే చిన్న దీవి ఉంది. 1918లో ఒక ఓడ తీరాన చిక్కుకుంది. నల్ల ఎలుకలు ఒడ్డెక్కాయి. అరచేయంత పొడుగుండే అక్కడి పుల్లపురుగు రెండేళ్లలో కనుమరుగైంది. 2001లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ దీవికి దూరంగా సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన ఒక రాతిశిఖరం ఎక్కారు. రాత్రిపూట ఒకే ఒక్క పొదలో ఆ పురుగులు కనబడ్డాయి. లెక్కిస్తే 24. ఒక జాతి మొత్తం ఒక పొదలో తలదాచుకుంది! రెండు జతలను తెచ్చి పెంచితే మెల్‌బోర్న్ జూలో వాటి సంతతి వేలల్లో పుట్టింది.

వీటన్నిటిలోకీ మీరు తప్పక తెలుసుకోవలసినది న్యూజిలాండ్ నల్ల రాబిన్ కథ. న్యూజిలాండ్‌కు తూర్పున 800 కిలోమీటర్ల దూరంలో చాథమ్ దీవులు. పిచ్చుకంత నల్లపిట్ట అక్కడ తప్ప ఎక్కడా లేదు. పిల్లులు, ఎలుకలు మిగతా దీవులన్నిటా దాన్ని ఊడ్చేశాయి. 1976 నాటికి ఒక చిన్న దీవి కొండకొమ్మున మాత్రమే ఏడంటే ఏడు మిగిలాయి. అక్కడి చెట్లు కూడా చచ్చిపోతున్నాయి. డాన్ మెర్టన్ అనే వన్యప్రాణి ఉద్యోగి తన బృందంతో ఆ ఏడింటినీ పట్టి, పక్కనున్న మాంగెరె దీవికి మార్చాడు. దానికి ముందే ఆ దీవిలో స్వచ్ఛంద కార్యకర్తలు ఒక లక్షా ఇరవై వేల మొక్కలు నాటారు. ఏవో తెచ్చి నాటలేదు. ఆ దీవుల సొంత చెట్టు అకెయాకెనే నాటారు. అయినా 1980కి పక్షులు ఐదుకు పడిపోయాయి. వాటిలో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపగల ఆడపిట్ట ఒక్కటే. కాలికి నీలం కడియం ఉండేది కాబట్టి దాన్ని ఓల్డ్ బ్లూ అని పిలిచేవారు. అప్పటికే ముసలిది, దాని జాతి పిట్టలు మామూలుగా బతికే వయసు దాటేసింది.

మెర్టన్ ఏం చేశాడంటే, దాని మొదటి గుడ్లు తీసి వేరే జాతి పిట్ట గూట్లో పెట్టాడు. గుడ్లు పోయిన ఓల్డ్ బ్లూ మళ్లీ పెట్టింది. ఆ సాకుడు తల్లులు పొదిగాయి కానీ పిల్లలు కాస్త ఎదిగాక వాటికి చాలినంత మేత పెట్టలేకపోయాయి. పిల్లలు పోయాయి. చేతులెత్తేయలేదు. టామ్‌టిట్ అనే ఇంకో జాతి గూళ్లు వెతికారు, పడవ మీద వేరే దీవికి గుడ్లు మోశారు. ఈసారి పిల్లలు నిలిచాయి. ఈనాడు 200కు పైగా ఉన్న నల్ల రాబిన్లన్నీ ఆ ఒక్క ముసలి తల్లి సంతానమే. ఐదు దగ్గర ఉన్నప్పుడు ఇక లాభం లేదని ఎవరైనా అనవచ్చు, అన్నా తప్పు పట్టేవారు ఉండరు. చలిగాలిలో, అలలు కొట్టే రాళ్ల మీద, గుడ్లు గుండెలకు హత్తుకుని మోసిన ఆ నలుగురైదుగురు మనుషులు మాత్రం అనలేదు. అలాంటి పట్టుదల మీలో ఉందని నాకు నమ్మకం.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆగని ఆ భాగమే మీరు జాగ్రత్తగా చదవాలి. కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూటి మధ్యలో కాకుండా అంచు మీద పెట్టడం మొదలుపెట్టాయి. అంచు మీది గుడ్డు పొదగబడదు, చెడిపోతుంది. చూసినవాళ్ల మనసు ఊరుకుంటుందా? ప్రతి గుడ్డూ ప్రాణమే కదా అని మెల్లగా లోపలికి నెట్టారు. అడవిలో అయితే ఆ అలవాటు ఆ పిట్టతోనే పోయేది. నెట్టడం వల్ల అంచున పెట్టే పిట్టల పిల్లలు బతికాయి, తల్లి అలవాటే వాటికీ వచ్చింది. 1989 నాటికి సగం ఆడపిట్టలు అంచున గుడ్లు పెట్టేవే! అప్పుడు సంరక్షకులు చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకున్నారు. నెట్టడం మానేశారు. మెల్లగా ఆ అలవాటు తగ్గింది. ప్రేమ ఉంటే చాలదు, దానికి తోడు చదువు ఉండాలి, ఓపిక ఉండాలి, ఏమీ చేయకుండా ఉండగల నిగ్రహం కూడా ఉండాలి.

ఆ నిగ్రహం మనకు ఎంత అవసరమో మన సొంత చరిత్రే చెబుతుంది. 1870ల చివర, మద్రాసు అటవీ శాఖ వాళ్లు వంటచెరకు కరువు తీరుద్దామని జమైకా నుంచి విత్తనాలు తెప్పించారు. కడప జిల్లా కమలాపురంలో నాటించారు. మంచి ఉద్దేశమే. ఆ మొక్క పేరు మీకు తెలుసు. సర్కారు తుమ్మ! ఇవాళ చెరువు గట్టు, కాలువ గట్టు, రోడ్డు పక్క, పంట బీడు, ఎక్కడ చూసినా అదే. గొర్రె కాయ తిని పెంటికల్లో విత్తనం వేస్తుంది, అది మొలుస్తుంది, కింద గడ్డి కూడా మొలవనివ్వదు. కలివి కోడి ఏ జిల్లాలో బతుకుతుందో, దాని నేలను ఆక్రమించగల మొక్క కూడా ఆ జిల్లాలోనే దిగింది. విత్తనాలు తెప్పించమన్న అధికారి బెడ్డోమ్ మామూలువాడు కాడు, దక్షిణ భారత వృక్షాల మీద గొప్ప గ్రంథాలు రాసినవాడు. తిరుమల కొండల్లో మాత్రమే పెరిగే ఒక సైకస్ జాతికి ఆయన పేరే పెట్టారు. అంతటి పండితుడికే తప్పు జరిగింది. మరి నర్సరీలో చవగ్గా దొరికిందని, పచ్చగా ఉంటుందని కోనోకార్పస్ మొక్కల్ని లారీల కొద్దీ తెచ్చి మీడియన్లలో నాటినవాళ్ల సంగతి ఏమనాలి? తెలంగాణలో హరితహారం కింద దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. గుర్రపుడెక్క, వయ్యారిభామ, చెరువుల్లో దిగిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్, అన్నీ ఎవరో ఒకరు తెలిసో తెలియకో తెచ్చినవే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. బయటినుంచి వచ్చినదంతా శత్రువు కాదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది. చింతచెట్టు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చింది. చింతపులుసు, మిరపకారం లేకుండా మన ఇంట్లో పొయ్యి వెలగదు. వచ్చినది పక్కవాడిని బతకనిస్తే ఇరుగుపొరుగు అవుతుంది. బతకనివ్వకపోతే దాన్ని పీకాలి. ఈ తేడా కనిపెట్టడం మీ పని, దానికి పుస్తకం పట్టాలి.

ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఖాళీగా కనబడిన ప్రతి నేలలో గుంతలు తీసి మొక్కలు నాటేసి, ఫొటో దిగి, పచ్చదనం పెంచామని సంబరపడటం. నంద్యాల జిల్లా రోళ్లపాడు దగ్గర గడ్డి మైదానాలున్నాయి. మనిషి నడుము దాకా వచ్చే బట్టమేక పిట్ట, దేశంలో బరువైన ఎగిరే పక్షుల్లో ఒకటి, అక్కడ తిరిగేది. 1988లో అభయారణ్యం కూడా పెట్టారు. చుట్టుపక్కల గడ్డినేలలు సాగునీటి పొలాలయ్యాయి, ముక్కలు ముక్కలయ్యాయి. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడటమే గగనం. స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తం మీద కూడా 150 దాకానే ఉంటాయని అంచనా. ఆ పక్షికి చెట్లు అక్కర్లేదు. దూరం దాకా చూపు సాగే గడ్డి కావాలి. రెవెన్యూ రికార్డు దాన్ని బీడు అని రాసుకోవచ్చు. మీరు కూడా అలాగే చూస్తే బట్టమేక పిట్టకు ఈ దేశంలో చోటు లేనట్లే. మొక్క నాటే ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి. పట్టాదారు పేరు ఒక్కటే చాలదు. ఆ నేల మీద ఎవరు గుడ్లు పెడుతున్నారు, ఎవరు మేస్తున్నారు, ఎవరు బొరియలు తవ్వుకున్నారు, అదంతా తెలియాలి.

మంచి ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల్లో వస్తాయి. ఇళ్ల పక్క చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. వాసన, రెట్టలు, రాత్రింబగళ్లు గోల, అన్నీ ఆ ఊరి జనం భరిస్తారు. ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. అవి రాని ఏడు వానలు ఉండవని వాళ్ల నమ్మకం. ఎవరైనా రాయి విసిరితే ఊరంతా మీదపడుతుంది. పత్రికలు వాటిని సైబీరియా పక్షులని రాస్తుంటాయి. గూడబాతూ ఎర్రకాళ్ల కొంగా మన ఉపఖండంలో పుట్టి పెరిగే పక్షులే, మంచు దేశాల నుంచి వచ్చినవి కావు. సొంతబిడ్డల్ని పరాయివాళ్లుగా పరిచయం చేయడం ఎందుకు? మన పక్షులు మన ఊళ్లో పిల్లల్ని లేపుతున్నాయని గర్వంగా చెప్పుకుందాం.

విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు యువతకూ ఇదే మాట. అమెరికాలో మీ ఇంటి ముందు గడ్డి కోయించి ఊరుకోకండి. మోనార్క్ సీతాకోకచిలుక మిల్క్‌వీడ్ మొక్క మీద తప్ప గుడ్డు పెట్టదు. మీ ప్రాంతంలో సహజంగా మొలిచే మిల్క్‌వీడ్ ఏదో తెలుసుకుని అదే నాటండి. మన ఊళ్లో దాని చుట్టమైన సీతాకోకచిలుక జిల్లేడు మీద గుడ్డు పెట్టడం మీ చిన్నప్పుడు చూసే ఉంటారు. జిల్లేడును చూసిన కన్నుకు మిల్క్‌వీడ్ పరాయిదిగా అనిపించదు.

ఇప్పుడు ఆ గుబులు సంగతి. కలివి కోడి కూత వినబడిందని తెలిస్తే చాలు, కెమెరాలు, స్పీకర్లు, బైకులు పట్టుకుని జనం లంకమలకు పరుగెత్తే రోజులివి. దయచేసి వెళ్లకండి. రికార్డు చేసిన కూతను రాత్రిపూట పదే పదే మోగిస్తే పరాయి పక్షి తన ఇంట్లోకి దూరిందని కలివి కోడి బెదిరిపోతుంది. నీలి సాలీడు తొర్ర కనబడితే ఆ చోటు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. పెట్టిన వారంలో వలలూ డబ్బాలూ పట్టుకుని కొనేవాళ్ల మనుషులు వస్తారు. అలాంటి వాటికి అటవీ శాఖ ఉంది, పరిశోధకులు ఉన్నారు. వాళ్లకు చెప్పండి. మీరు లంకమలకు వెళ్లనక్కర్లేదు. మీ ఊరి వెనక కొండ చాలు, ఊరి చివర చెరువు చాలు. హైదరాబాద్ శివార్లలో అమీన్‌పూర్ చెరువును చూడండి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన ఆ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. దాని ఒడ్డున పొద్దున్నే బైనాక్యులర్లతో నిలబడి ఏళ్ల తరబడి పక్షుల్ని రాసుకున్న మామూలు మనుషులు ఆ గుర్తింపు వెనక ఉన్నారు.

రాసుకోవడం నుంచే మొదలుపెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలు, చేపలు, పిట్టలు, విత్తనాలు, మందు ఆకులు, వాటి గురించి పెద్దలకు తెలిసినది అంతా రాసే ప్రజా రిజిస్టరు ఉండాలి. చాలా ఊళ్లలో ఆ రిజిస్టరు ఎవరో నింపి బీరువాలో పెట్టారు. పంచాయతీ ఆఫీసుకు వెళ్లి దాన్ని చూపించమని అడగండి. అడగడం మీ హక్కు. అందులో ఏం రాశారో చదవండి, తప్పులుంటే దిద్దమనండి, లేనివి చేర్పించండి. మేకల కాపరి దగ్గర కూర్చోండి, చేపలు పట్టే తాత దగ్గర కూర్చోండి, అడవికి తేనెకు వెళ్లే చెంచు అన్నల్ని అడగండి. వాళ్లు చెప్పిన పేర్లు వాళ్లు చెప్పినట్టే రాయండి, మీ నోటికి నప్పేలా మార్చకండి. మొక్క నాటాలనిపిస్తే కానుగ, నేరేడు, రేల, మోదుగ, ఇప్ప, నల్లమద్ది, వీటిలో మీ నేలకు చెందినది ఏదో ఆ పెద్దల్ని అడిగి నాటండి. సర్కారు తుమ్మ పీకే పని పెట్టుకుంటే వేరుతో సహా పీకండి, పీకిన చోట మళ్లీ ఏం మొలుస్తుందో రెండు వానలు చూడండి. ఈ నెలాఖరులోపు మీ పంచాయతీ రిజిస్టరు తెరవండి. మీ తరగతిలో నలుగురు కలిసినా చాలు, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి చెరువు గట్టున కలుసుకోండి.